ప్యాకెట్లో ప్రాణం ఉందా? వేరుశనగ చేనులో సూడోమోనాస్‌తో నా అనుభవం

వేరుశనగకు కాండం కుళ్లు పట్టే సమయం రైతును నిలువునా ముంచే సమయం. విత్తనం, ఎరువు, కలుపు కూలి, జిప్సం, అన్ని ఖర్చులూ అయిపోయి, ఊడలు దిగి కాయలు ఊరుతున్నప్పుడు వస్తుంది. పచ్చని చెట్టులో మొదట ఒక్క కొమ్మ పసుపు రంగుకు తిరిగి వాడుతుంది. రెండు మూడు రోజుల్లో పక్క కొమ్మ, ఆ తరువాత చెట్టంతా. పట్టి లాగితే మొదలు దగ్గర పుటుక్కున తెగి చేతికి వస్తుంది, కాయలు మట్టిలోనే ఉండిపోతాయి. తెగిన చోట తెల్లని బూజు దారాలు, వాటి మధ్య ఆవగింజంత గుండ్రని గింజలు కనిపిస్తాయి. ఆ గింజలు మొదట తెల్లగా ఉండి తరువాత గోధుమ రంగుకు మారతాయి. చెట్టు కన్నా నేను ఎక్కువగా భయపడేది ఆ గింజలకే. పంట పోయినా అవి నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఈ తెగులును అడ్డుకోవడానికి సూడోమోనాస్ అనే మేలు చేసే బాక్టీరియా పొడి వాడి చూశాను, ఆ అనుభవమే ఇది.

మాది తిరుపతికి పడమరగా, పాకాల వైపు పల్లె. ఎర్ర ఇసుక నేల. మా నాన్న కాలంలో వానాకాలం ఒక్క పంటే వేరుశనగ, దాని పక్కనే సజ్జ, జొన్న, కంది సాళ్లు. బోరు వేశాక యాసంగిలోనూ వేరుశనగే వేస్తున్నాం. పశువులు తగ్గాయి, ఎరువు దిబ్బ కూడా తగ్గింది. ఒకే నేలలో ఒకే పంట పదే పదే వేస్తే దాన్ని తినే బూజుకు ఏటా విందే. తెగులు కనిపించగానే టెబుకొనజోల్ లాంటి బూజు మందు మొదళ్లలో పోయిస్తూ వచ్చాం. చుట్టుపక్కల చెట్లను అది కొంతవరకు కాపాడుతుంది, నేను కాదనను. చచ్చిన చెట్టు మాత్రం తిరిగి లేవదు, మళ్లీ పంటకు నేల మళ్లీ మొదటికే వస్తుంది.

తిరుపతిలో మైక్రోబయాలజీ చదువుతున్న మా మేనకోడలు సంక్రాంతికి వచ్చి చేను చూసింది. నేను మందు గురించి చెప్పబోతుంటే, "మామయ్యా, ముందు ఇది ఏ తెగులో తేల్చుకుందాం" అంది. ఆ మాట నాకు నచ్చింది, ఎందుకంటే మా ప్రాంతానికి దానికి సంబంధించిన పాత అనుభవం ఒకటి ఉంది. 1970ల మధ్యలో శ్రీకాళహస్తి చుట్టుపక్కల వేరుశనగ కాయల మీద నల్లని మచ్చలు పడి, కాయలు చిన్నబోయి, దిగుబడి పడిపోయింది. దాన్ని కాళహస్తి తెగులు అని ఇప్పటికీ అంటారు. కారణం బూజు కాదని, కంటికి కనిపించని నులిపురుగు అని తేలింది. ఆ తరువాత తిరుపతి పరిశోధనా స్థానం దాన్ని తట్టుకునే రకాలు ఇచ్చింది. నులిపురుగుకు బూజు మందు కొడితే డబ్బు నీళ్లలో పోసినట్టే కదా.

మేమూ అలాగే ఒక్కొక్కటిగా చూశాం. మొలక దశలో మొక్కలు చచ్చి, మొదలు దగ్గర నల్లని మసి లాంటి పొడి కనిపిస్తే అది ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజు తెచ్చే మొదలు కుళ్లు. మాది ఆ దశ దాటి, రెండు నెలల పంట మీద, తెల్లని దారాలతో వచ్చింది. కనుక కాండం కుళ్లే, దాని కారకం స్క్లెరోషియం రాల్ఫ్సీ. 1892లో అమెరికాలోని ఫ్లోరిడాలో రాల్ఫ్స్ అనే ఆయన మొదట టమాటాలో దీన్ని గుర్తించాడు, పేరు ఆయనదే. టమాటా, మిరప, వంగ, వేరుశనగ అనే తేడా లేకుండా వందల రకాల మొక్కలను తింటుంది. ముందు ఆక్సాలిక్ ఆమ్లం వదిలి కాండాన్ని చంపి, చచ్చిన భాగంలోకి పాకుతుంది. వెచ్చదనం, తేమ, నేల మీద రాలిన ఆకు, ఈ మూడూ ఉంటే దానికి పండగ. తిక్క ఆకుమచ్చ తెగులు వల్ల రాలే ఆకులే దీనికి మొదటి మేత అని విన్నాక, ఆకుమచ్చను చిన్నచూపు చూడటం మానేశాను.

అప్పుడు సూడోమోనాస్ మాట వచ్చింది. పూర్తి పేరు సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్. ఇది ఎక్కడి నుంచో దిగుమతి అయిన వింత జీవి కాదు, మన నేలల్లో, వేళ్ల చుట్టూ సహజంగా ఉండే బాక్టీరియానే. మొక్క తాను తయారు చేసుకున్న చక్కెరలలో, అమైనో ఆమ్లాలలో కొంత భాగాన్ని వేళ్ల ద్వారా బయటికి వదులుతుంది. అది తింటూ ఈ బాక్టీరియా వేరు చుట్టూ కాపురం పెడుతుంది. శత్రువు వచ్చేసరికి అక్కడ చోటు ఉండదు, తిండి ఉండదు.

ఇనుము సంగతి విన్నప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. మా నేల ఎరుపు రంగు ఇనుము వల్లే వచ్చింది. అయినా ఆ ఇనుములో చాలా భాగం నీటిలో కరగదు, కాబట్టి సూక్ష్మజీవులకు అందదు. సూడోమోనాస్ సిడెరోఫోర్లు అనే పదార్థాలను బయటికి వదిలి, ఉన్న కాస్త ఇనుమును పట్టి తన దగ్గరికి లాక్కుంటుంది. బూజు దారాలకు ఇనుము దొరక్క ఎదుగుదల కుంటుపడుతుంది. ఈ పద్ధతి మొక్కల ఎదుగుదలకు ఎలా ఉపయోగపడుతుందో కాలిఫోర్నియాలో క్లోపర్, ష్రోత్ తదితర శాస్త్రవేత్తలు 1980లో చూపించారు. ఇవి కాక కొన్ని జాతులు బూజును నేరుగా చంపే పదార్థాలు కూడా తయారు చేస్తాయి. ఇంకొకటి, వేరు దగ్గర ఈ బాక్టీరియా ఉన్నప్పుడు మొక్క ఒళ్లంతా కాస్త అప్రమత్తంగా ఉంటుందట. ఆకు మీద తెగులు సోకినా త్వరగా ఎదుర్కొంటుంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు గోధుమ నేలల సంగతి కూడా మేనకోడలే చెప్పింది. ఏటా గోధుమే వేస్తే మొదట్లో వేరు తెగులు విపరీతంగా పెరిగి, కొన్నేళ్లకు దానంతట అదే తగ్గుముఖం పట్టింది. వెతికి చూస్తే ఆ నేలలో బూజును చంపే సూడోమోనాస్ సంఖ్య బాగా పెరిగి ఉంది. నేల తన వైద్యం తానే సమకూర్చుకుంది. మా నేలకు సేంద్రియ పదార్థం లేక ఆ శక్తి తగ్గిందేమో అని నాకు అనిపిస్తుంది. అది నా ఊహ మాత్రమే.

ఇక కొనడం. తిరుపతిలో ఒక దుకాణంలో సూడోమోనాస్ పొడి ప్యాకెట్టు కొన్నాను. రేకుల కప్పు కింద, ఎండ పడే అర మీద ఉంది. మేనకోడలు ప్యాకెట్టు తిప్పి చూసి తయారీ తేదీ, గడువు తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, గ్రాముకు ఎన్ని జీవకణాలు అన్న అంకె చదివింది. మన దేశంలో ఇలాంటివి 1968 నాటి పురుగుమందుల చట్టం కిందకే వస్తాయి. గ్రాముకు కనీసం 10 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. "రాసి ఉన్నంత మాత్రాన ఉన్నట్టు కాదు మామయ్యా, పరీక్ష చేద్దాం" అంది. వాళ్ల ఆచార్యుల అనుమతితో ప్రయోగశాలకు తీసుకెళ్లింది. ఇంకో చోట ఈ మధ్యే తయారైన ప్యాకెట్టు కూడా ఒకటి తీసుకున్నాం, పోల్చి చూడటానికి.

ఆ పరీక్ష అంత కష్టమైనదేమీ కాదు. ఒక గ్రాము పొడిని శుద్ధి చేసిన 9 మిల్లీలీటర్ల నీటిలో కలిపింది. అందులో ఒక మిల్లీలీటరు తీసి మరో 9 మిల్లీలీటర్లలో వేసింది. ప్రతిసారీ పది రెట్లు పలచన. అలా ఆరు మెట్లు దిగితే పది లక్షల రెట్లు పలచబడుతుంది. చివరి గొట్టంలోని ఒక మిల్లీలీటరును గాజు పళ్లెంలో పోసి, పైన గోరువెచ్చగా ఉన్న అగర్ మాధ్యమం, అంటే బాక్టీరియాకు తిండి కలిపిన జెల్లీ లాంటిది, కలిపి గడ్డకట్టనిచ్చింది. ఆ మాధ్యమం పేరు కింగ్స్ బి, 1954లో ఎలిజబెత్ కింగ్, మరో ఇద్దరు పరిశోధకులు రూపొందించినది. గ్రాముకు 10 కోట్లు నిజంగా ఉంటే ఆ పళ్లెంలో సుమారు వంద చుక్కలు మొలవాలి. ఒక్కో బతికిన కణం నుంచి ఒక్కో చుక్క.

రెండు రోజులకు ఫోను చేసి రమ్మంది. గదిలో దీపాలు ఆర్పి, పళ్లేలను అతినీలలోహిత దీపం కింద పెట్టింది. కొత్త ప్యాకెట్టు పళ్లెం నిండా పసుపు కలిసిన పచ్చని వెలుగు చుక్కలు. ఆ వెలుగుకు కారణం పయోవెర్డిన్ అనే రంగు పదార్థం, ఇనుమును పట్టే సిడెరోఫోరు కూడా అదే. రేకుల కప్పు కింద నుంచి తెచ్చిన ప్యాకెట్టు పళ్లెంలో అక్కడక్కడ తప్ప ఏమీ లేదు. గడువు తేదీ ఇంకా దాటలేదు, ధర కూడా రెండింటికీ పెద్ద తేడా లేదు. నాకు కోపం వచ్చింది. ఇలాంటి పొడి చల్లి, ఫలితం లేక, "ఈ జీవ మందులన్నీ మోసం" అని ఎంతమంది రైతులు వదిలేసి ఉంటారు!

కారణం ఆ బాక్టీరియా స్వభావంలోనే ఉంది. బాసిల్లస్ సబ్టిలిస్ లాంటివి కష్టకాలంలో గట్టి పెంకు కట్టిన సిద్ధబీజాలుగా మారి ఎండను, ఆకలిని తట్టుకుంటాయి. సూడోమోనాస్‌కు ఆ విద్య లేదు. దానికి 25 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 41 డిగ్రీల దగ్గర పెరగదు. మే నెలలో తిరుపతి ఎండ ఎంతో మనకు తెలుసు, రేకుల కింద ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. పొడిలోని కణాలు రోజురోజుకూ చచ్చిపోతూనే ఉంటాయి. అందుకే ఇప్పుడు నేను ప్యాకెట్టు కొనేటప్పుడు తయారీ తేదీ ఈ రెండు మూడు నెలల్లోనిదేనా అని, అది ఎక్కడ ఉంచారో అని, రెండూ అడుగుతాను. సమాధానం నచ్చకపోతే కొనను. విత్తడానికి చాలా ముందుగా కొని ఇంట్లో పెట్టుకోను కూడా.

మేనకోడలు ఇంకొక పళ్లెం చూపించింది. ఒక పక్క మా చేను నుంచి తెచ్చిన కుళ్లు బూజు ముక్క, ఇంకో పక్క బాక్టీరియా గీత. బూజు అన్ని వైపులా తెల్లగా పాకి, బాక్టీరియా గీతకు కొద్ది దూరంలో ఆగిపోయింది. మధ్యలో ఖాళీ. మా చేనిలో ఏళ్లుగా నా పంటను తింటున్న ఆ బూజే అలా ఆగిపోవడం చూసి ఎంతో సంతోషించాను. తను వెంటనే హెచ్చరించింది, పళ్లెంలో తిండి సమృద్ధిగా ఉంటుంది, చేనులో వేరే వేల జీవుల మధ్య పోటీ పడాలి, పళ్లెం గెలుపు పొలం గెలుపు కాదని.

పొలం పని తొలకరికి ముందే మొదలైంది. ఎండాకాలంలో లోతుగా దున్నించాను, పైన ఉన్న బూజు గింజలు లోతుకు పోతే మొలవడానికి వాటికి గాలి చాలదు. తరువాత ఎరువు. బాగా మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు కలిపి, అందులో పరీక్షలో నెగ్గిన పొడి 2 కిలోలు చల్లి, వేపచెట్టు నీడలో కుప్ప పోశాను. ఎకరాకు ఈ లెక్క. ఇక్కడ మాగిన ఎరువు అన్న మాట చాలా ముఖ్యం. పచ్చి పెంట కుప్ప లోపల వేడెక్కుతుంది, ఆ వేడికి మనం వేసినవి చచ్చిపోతాయి. పాలు కాగుతుండగా తోడు వేస్తే పెరుగు అవుతుందా? ఇదీ అంతే. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు, అంత తేమ. పైన తడి గోనెసంచులు కప్పి, ఆరకుండా రోజూ నీళ్లు చిలకరిస్తూ, మధ్యలో తిరగేశాం. మా ఆవిడే దాన్ని ఎక్కువగా చూసుకుంది. చేయి పెట్టి చూసి వేడి తగిలితే వెంటనే కుప్పను పలచగా పరిచేది. పది రోజులు దాటాక చేనుకు తోలాం.

విత్తనానికి కిలోకు 10 గ్రాముల చొప్పున పొడి పట్టించాం. వేరుశనగ పప్పు మీది పొర చాలా సున్నితం, తడి ఎక్కువైతే, గట్టిగా రుద్దితే ఊడిపోతుంది, మొలక చెడుతుంది. అందుకని చల్లారిన పలచని గంజి కొద్దిగా చిలకరించి, పొడి చల్లి, గోనెపట్టా రెండు చివరలూ పట్టుకుని అటూ ఇటూ దొర్లించాం. నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తాం. రసాయన మందుతో విత్తనశుద్ధి చేసుకోవాలంటే అది ముందు చేసి, ఆరనిచ్చి, బాక్టీరియాను అన్నిటికన్నా చివర పట్టించాలి. ఎరువును తడి నేలలో, సాయంత్రం పూట, సాళ్లలో వేసి మట్టి కప్పాం. మిట్ట మధ్యాహ్నం కాలే ఇసుక మీద చల్లడం వృథా. ఊడలు దిగే ముందు అదే పద్ధతిలో ఇంకో కుప్ప తయారు చేసి మొదళ్ల దగ్గర మరోసారి వేశాం.

చేనులో ఒక పక్క కొన్ని సాళ్లు ఏమీ వేయకుండా వదిలాను. మా అన్నయ్యకు అది నచ్చలేదు, "పంటను ఎండబెట్టుకుంటావా" అన్నాడు. పోల్చడానికి పక్కన ఒకటి లేకపోతే వాన బాగా కురిసి తెగులు తగ్గినా మందు గొప్పే అనుకుంటాం, వాన తేడా చేసి పెరిగినా మందు తప్పే అనుకుంటాం. ఆ సాళ్లు లేకపోతే ఈ అనుభవం రాయడానికి నాకు ధైర్యం ఉండేది కాదు.

మొదటి నెలన్నర తేడా ఏమీ కనిపించలేదు. వేసిన వైపు మొలక కాస్త సమంగా ఉందేమో, అంతే. తరువాత ఒక పొడి విరామం, దాని వెంటే ముసురు వాన. కాండం కుళ్లుకు సరిగ్గా కావలసిన వాతావరణం. వదిలేసిన సాళ్లలో గుంపులు గుంపులుగా చెట్లు వాడిపోయాయి, ఒకటి చస్తే దాని పక్కది. వేసిన వైపు కూడా చెట్లు చచ్చాయి, కానీ విడివిడిగా, ఇక్కడొకటి అక్కడొకటి. ఒక చెట్టు నుంచి పక్క చెట్టుకు పాకడం చాలా వరకు ఆగింది. పీకినప్పుడు మట్టిలో తెగిపోయే కాయలు బాగా తగ్గాయి. కూలీలు కూడా ఆ సంగతి వాళ్లంతట వాళ్లే చెప్పారు, ఎందుకంటే తెగిన కాయలను మట్టిలోంచి ఏరే పని వాళ్లదే.

కానీ చేను దిగువ మూలలో, నీళ్లు నిలిచే చోట, వేసినా లాభం లేకపోయింది. అక్కడ నష్టం వదిలేసిన సాళ్ల కన్నా తక్కువేమీ కాదు. నీరు నిలిచిన నేలలో వేళ్లే సరిగా ఊపిరి పీల్చలేవు, వాటిని నమ్ముకున్న బాక్టీరియా ఏం చేస్తుంది? ఆ మూలకు కావలసింది కాలువ, వేరే పంట.

ఇది చూసి పక్క ఊరి రైతు ఒకాయన తన చేనులో డెబ్బై రోజుల పంటకు, సగం చెట్లు వాడాక, పొడి తెచ్చి నీళ్లలో కలిపి పోశాడు. ఏమీ కాలేదు. కాదు కూడా. తెగులు వచ్చాక వేసే మందుగా దీన్ని చూడకూడదని నేను అందరికీ చేతులు పట్టుకుని చెబుతున్నాను. బూజు గింజ మొలకెత్తే నాటికి వేరు చుట్టూ బాక్టీరియా స్థిరపడి ఉండాలి, అంటే విత్తనంతోనే వెళ్లాలి. అప్పటికే చెట్లు చస్తుంటే మొదళ్లలో బూజు మందే పోసుకోవాలి, ఆ పంటకు వేరే దారి లేదు. అలాగే రాగి మందులు, స్ట్రెప్టోసైక్లిన్ లాంటివి బాక్టీరియాను చంపడానికే ఉన్నవి. వాటిని, దీన్ని ఒకే ట్యాంకులో కలిపితే మన డబ్బుతో మనం కొన్న జీవిని మనమే చంపుకున్నట్టు. క్లోరిన్ కలిపిన నీళ్లు కూడా వాడకండి, బోరు నీళ్లు మంచివి.

ట్రైకోడెర్మా సంగతి చాలామంది అడుగుతారు. అది బాక్టీరియా కాదు, మేలు చేసే బూజు, శత్రు బూజు దారాలను చుట్టుకుని తినేస్తుంది. దాన్నీ ఎరువులో ఇలాగే పెంచవచ్చు, కుప్ప మీద ఆకుపచ్చ పొర కనిపిస్తుంది కాబట్టి బతికిందో లేదో కంటితోనే తెలుస్తుంది. సూడోమోనాస్‌కు ఆ సౌకర్యం లేదు. అందుకే నాకు ఒక కోరిక ఉంది. మట్టి నమూనా పరీక్ష చేసినట్టే, రైతు తెచ్చిన జీవ మందు ప్యాకెట్టును పరీక్షించి, ఇందులో ఇన్ని బతికున్నాయి అని రెండు రోజుల్లో చెప్పే ఏర్పాటు ప్రతి మండలంలో ఉండాలి. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. గాజు పళ్లేలు, అగర్, ఒక ఇంక్యుబేటరు, పని తెలిసిన ఒక పిల్ల లేదా పిల్లాడు చాలు. మైక్రోబయాలజీ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలు మన జిల్లాల్లో ఎంతమంది లేరు!

వచ్చే వానాకాలానికి దిగువ మూలలో కాలువ తీసి జొన్న వేస్తున్నాను. జొన్న మీద ఈ బూజు అంతగా పెరగదు, గింజల సంఖ్య తగ్గుతుందని ఆశ. మిగతా చేనుకు ఎరువు దిబ్బ ఇప్పటి నుంచే మాగబెడుతున్నాం. మా అన్నయ్య కూడా తన ఎకరాకు కుప్ప పోస్తానన్నాడు, ఆయన చేనులోనూ కొన్ని సాళ్లు ఏమీ వేయకుండా వదలమని అడిగాను, ఒప్పుకున్నాడు. ప్యాకెట్లు మే నెలలో కాకుండా విత్తడానికి రెండు మూడు వారాల ముందు, ఇద్దరం కలిసి, చల్లని చోట నిల్వ ఉంచే దుకాణం నుంచి తెస్తాం. ఒకటి మేనకోడలి పళ్లెంలోకి వెళ్తుంది, అందులో చుక్కలు వెలిగాకే మిగతావి కుప్పలోకి.